ఎనిమిది బుట్టలు కాసిన ఏడు

పదకొండున్నర దాటింది. పాలు తోడేసి, తలుపు గడియ పెట్టి పడుకుందామనే వెళ్లాను. మధ్యాహ్నం ఎదురింటి చిన్నదానితో నేనన్న మాట ఒకటి ముల్లులా గుచ్చుకుంటోంది. రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

నిన్న కోచింగ్‌లో మోడల్ పరీక్ష పెట్టారట. ఇవాళ పేపర్ పట్టుకుని వచ్చింది. "పిన్నీ, ఇది తప్పెలా అవుతుంది?" అంది గుమ్మంలోనే, చెప్పులు కూడా విప్పకుండా.

నాలుగు మార్కుల ప్రశ్న. మొదటి పదం 0.5. ఉన్న పదాన్ని ఒకటిలోంచి తీసెయ్యాలి, వచ్చినదాన్ని ఆ పదంతో గుణించాలి, మళ్లీ 3.2తో గుణించాలి. అది తర్వాతి పదం. దాంతో మళ్లీ అదే పని. ఇలా పోగా పోగా ఈ వరస (సీక్వెన్స్) ఏ అంకె దగ్గరికి చేరుతుంది, అంటే దాని లిమిట్ ఎంత?

చిన్నది కూర్చుని వేసుకుంటూ పోయింది. 0.5, 0.8, 0.512, 0.7995, 0.5129, 0.7995. అలా ముప్పై పదాలు, చిన్న చిన్న అంకెల్లో, పేజీ అంచుదాకా. కింద "రెండు అంకెల మధ్య తిరుగుతోంది, లిమిట్ లేదు" అని రాసి గీత గీసింది. దాని మీద ఎర్ర పెన్నుతో సున్నా. కీలో జవాబు 0.6875.

ఆ 0.6875 ఎలా వచ్చిందో చూడగానే తెలిసింది. లిమిట్ 'ఎల్' అనుకో, సమీకరణంలో ఈ పదం, తర్వాతి పదం ఉన్న రెండు వైపులా ఎల్ పెట్టు, సాధించు. రెండు లైన్లలో వచ్చేస్తుంది. కానీ అసలు లిమిట్ ఉందా అని ఎవరూ అడగలేదు. ఉందనుకుని మొదలుపెడితే ఏదో ఒక అంకె రాక మానదు.

ఉండబట్టలేక కోచింగ్ వాళ్లకి ఫోన్ చేశాను. వాళ్ల భాషలోనే, ఒడియాలో, మర్యాదగానే అడిగాను. "మిగతా పిల్లలందరూ అదే రాశారు మేడమ్" అన్నారు. అందరూ రాస్తే సీక్వెన్స్ వాళ్ల మాట విని ఆగుతుందా? సరే అని లెక్క వివరించబోతే, "ఇంకా చాలా పదాలు వెయ్యాలి మేడమ్, చివరికి అక్కడికే వస్తుంది" అన్నారు. అక్కడ నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే రాదు. ఎన్ని వేలు వేసినా రాదు. కచ్చితంగా 0.6875తోనే మొదలుపెడితే అక్కడే ఉంటుంది, నిజమే. కొంచెం పక్కన 0.69తో మొదలుపెట్టి చూడండి: 0.6845, 0.6911, 0.6831. అటొక అడుగు, ఇటొక అడుగు, ప్రతిసారీ ముందుకన్నా కాస్త ఎక్కువ దూరం. ఉన్న పదాన్ని బట్టి తర్వాతి పదాన్ని గ్రాఫు గీస్తే, 0.6875 దగ్గర దాని వాలు మైనస్ 1.2. గుర్తు వదిలేస్తే ఒకటి దాటింది కాబట్టి తేడా మొదట్లో ప్రతి అడుగుకీ దాదాపు 1.2 రెట్లవుతూ పోతుంది. చివరికి 0.513, 0.7995 అనే రెండు చోట్ల మధ్య ఊగుతూ ఉండిపోతుంది. ఇదంతా చెప్పేలోపే "క్లాసుకి టైమైంది" అని పెట్టేశారు.

సాయంత్రమంతా ఆ మాటే తిరిగింది బుర్రలో. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఈయన ఏమీ అనకుండా మజ్జిగ పోసుకుని తినేశారు.

పెరట్లో గిన్నెలు తోముతుంటే ఉన్నట్టుండి అమ్మమ్మ వాళ్ల దొడ్డి గుర్తొచ్చింది. మహేంద్రతనయ దాటి పాతపట్నం మీదుగా మెళియాపుట్టి వైపు వెళ్తే వచ్చే ఊరు. దొడ్లో నాలుగు మామిడి చెట్లు. ఒక ఏడు కొమ్మలు నేలకి ఆనేవి, పదిహేను బుట్టలకి తక్కువ కాకుండా దిగేవి. మర్నాటి ఏడు చూస్తే ఆకులే. రెండు బుట్టలు దిగితే గొప్ప. చెట్టు తనలో దాచుకున్నదంతా ఒక ఏడు కాయల మీద ఖర్చు పెట్టేస్తే, మర్నాటి ఏటికి పూత పుట్టించే బలం మిగలదు. ఆ ఏడు కాపు లేక తేరుకుని, పై ఏడు మళ్లీ విరగకాస్తుంది. నీలం లాంటి రకాలు ఏటా కాస్తాయి గానీ, అమ్మమ్మ చెట్లు అలాంటివి కావు.

టెక్కలి నుంచి ఒకాయన పూత మీద కొనడానికి వచ్చేవాడు. ఒకసారి లెక్క వేసి, పదిహేనూ రెండూ కలిపితే పదిహేడు, అంటే ఏటికి ఎనిమిదిన్నర, ఏటా ఎనిమిది బుట్టల డబ్బు ఇస్తాను, రెండేళ్లకి రాసుకుందాం అన్నాడు. తాత ఒప్పుకున్నాడు. కాపు ఏడు కాయలన్నీ కోసుకుని ఎనిమిదింటి డబ్బే ఇచ్చి వెళ్లాడు. మర్నాటి ఏడు వచ్చి చెట్ల కింద నిలబడి పైకి చూసి, "ఇక్కడేముందని ఇస్తాను?" అన్నాడు. తాత అరిచాడు, అతనూ అరిచాడు, వీధిలో వాళ్లు వచ్చారు. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను, నాకు తొమ్మిదేళ్లుంటాయేమో. అమ్మమ్మ చేట కింద పెట్టి బయటికొచ్చి ఇద్దరినీ కలిపి అడిగింది: "ఈ చెట్లు ఎనిమిది బుట్టలు కాసిన ఏడు ఒక్కటి చూపించండి నాకు."

ఎవరూ మాట్లాడలేదు.

గిన్నె చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ ఎనిమిది బుట్టలే ఈ 0.6875. కాగితం మీద ఉంటుంది, చెట్టు మీద ఉండదు. (పోల్చాను గానీ, మామిడిచెట్టు అంత నిక్కచ్చిగా లెక్క పాటించదు. పూతవేళ వాన పడితే వరస తప్పుతుంది. ఆ నాలుగు చెట్లూ 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి కూలిపోయాయి. ఆ ఊరు వెళ్లినా నేనిప్పుడు దొడ్డివైపు వెళ్లను.)

ఈ సమీకరణం కూడా అలా జీవాల లెక్కలోంచి వచ్చిందే. ఒక ఏటి పురుగుల సంఖ్యని బట్టి పై ఏటి సంఖ్య. 1976లో జీవుల సంఖ్యల లెక్కలు చేసే శాస్త్రవేత్త రాబర్ట్ మే 'నేచర్' పత్రికలో దీని గురించి రాస్తూ, పిల్లలకి ఇది చదువు మొదట్లోనే చూపించాలని, కాల్క్యులేటర్ ఉంటే చాలని గట్టిగా చెప్పాడు. అంతకుముందు ఏడాదే ఫైగెన్‌బామ్ అనే భౌతిక శాస్త్రవేత్త చేతిలో పట్టే హెచ్‌పీ-65 యంత్రం మీద ఇలాంటి లెక్కలే వేస్తూ 4.669 అనే అంకెని పట్టుకున్నాడు (గుణకం పెంచేకొద్దీ ఊగే చోట్లు రెట్టింపవుతూ పోతాయి, ఆ మార్పుల మధ్య ఎడం ఏ నిష్పత్తిలో తగ్గుతుందో చెప్పే అంకె అది). మన చిన్నది చేసింది కూడా ఆ పనే కదా, ముప్పై పదాలు ఓపిగ్గా. దానికి సున్నా.

ఇక్కడిదాకా కోపంతోనే రాశాను. ఇప్పుడు మళ్లీ మొదటినుంచి చదువుకుంటే, ఆ ప్రశ్న వేసినాయన మీద అంత కోపం ఉండక్కర్లేదేమో అనిపిస్తోంది. 3.2 స్థానంలో 2.5 పెట్టి చూశాను. జవాబు 0.6, సీక్వెన్స్ బుద్ధిగా అక్కడికే వెళ్లి ఆగుతుంది. పాత ప్రశ్నే అయ్యుంటుంది, కొత్తగా కనబడాలని అంకె మార్చి ఉంటారు. ఆ గుణకం మూడు దాటితే కథే మారిపోతుందని వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు. నేను మాత్రం చెప్పానా? "రెండు వైపులా ఎల్ పెట్టు" అని చిన్నదాని అన్నయ్యకి నేర్పింది నేనే. ముందు లిమిట్ ఉందని చూపించాలి అని ఒక్కసారి కూడా బోర్డు మీద రాయలేదు. పాఠాలు చెప్పే ఆ రోజుల్లో సిలబస్ అయితే చాలనుకునేదాన్ని.

కానీ నన్ను నిద్రపోనివ్వనిది అదీ కాదు. ఫోన్ పెట్టేశాక చిన్నదానితో అన్నాను: "పరీక్షలో వాళ్లకి కావలసింది రాసెయ్యమ్మా, నిజం నీ నోట్సులో రాసుకో." అది నా ముఖం వైపు చూసింది. సరే పిన్నీ అని పేపర్ని నాలుగు మడతలు పెట్టింది, ఎర్ర సున్నా లోపలికి పోయేలా. పేపర్ ఇక్కడే బల్ల మీద మర్చిపోయి వెళ్లింది. మర్చిపోయిందో, వదిలేసిందో.

మడత విప్పి మళ్లీ చూశాను ఇందాక. ముప్పయ్యో పదం పక్కన పెన్సిల్‌తో చిన్నగా ఉంది: "3.2 కాకుండా వేరేది పెడితే?"

పొద్దున్నే దానికి ఫోన్ చేసి, నిన్న నేనన్నది తప్పు అని చెప్పాలి. ఎవరు సున్నా వేసినా నువ్వు రాసిందే రాయి అని చెప్పాలి. కాల్క్యులేటర్ తెచ్చుకోమనాలి. నేను ఆగలేక 3.5 పెట్టి ఇప్పుడే వేసేశాను, 0.5తో మొదలుపెట్టి. 0.875, 0.3828, 0.8269, 0.5009, మళ్లీ 0.875. ఈసారి నాలుగు. దానికి మాత్రం ముందు చెప్పను, తనే వేసుకోవాలి.