పుల్లల కింద డబ్బా

మా చిన్నవాడు ఆదివారం పార్కుకు రమ్మంటే రాడు. 'నిధి వెతుకుదాం' అంటే మాత్రం మారు మాట్లాడకుండా బూట్లు వేసుకున్నాడు. జియోక్యాషింగ్ మా ఇంట్లోకి వచ్చింది అలాగే. ఎవరో ఒక డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను నెట్‌లో పెడతారు. మనం ఫోనులో జీపీఎస్ చూసుకుంటూ వెళ్ళి వెతకాలి. దొరికితే లోపలి చిట్టాలో పేరు, తేదీ రాసి, డబ్బాను మళ్ళీ అక్కడే దాచేయాలి.

మేము ఉండేది అమెరికాలో, ఓరెగన్ రాష్ట్రంలోని హిల్స్‌బరోలో. ఈ ఆట పుట్టింది కూడా ఈ రాష్ట్రంలోనే. అంతకుముందు అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్లో కావాలనే తేడా కలిపేది. 2000 మే మొదట్లో దాన్ని ఆపేయడంతో జీపీఎస్ చోటును ఇంకా కచ్చితంగా చూపడం మొదలుపెట్టింది. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్ దాచి, ఎవరైనా కనుక్కోండి చూద్దామని ఆ అంకెలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు.

మా మొదటి ప్రయత్నం నవ్వులపాలయింది. ఇంటికి దగ్గరగా ఉందని 'మైక్రో' డబ్బాను ఎంచుకున్నాను. అది పాతకాలం ఫిల్మ్ రీలు డబ్బీ అంత ఉంటుందని తర్వాత తెలిసింది. నలభై నిమిషాలు పార్కు బెంచీ చుట్టూ తిరిగాం. కుక్కను తిప్పుతున్న పెద్దాయన మమ్మల్ని అనుమానంగా చూస్తుంటే నేను లేని బూటు తాడును కట్టుకున్నట్టు నటించాను. వెతకడం ఎంత కష్టమో, దారి ఎంత కష్టమో చెబుతూ ప్రతి డబ్బాకూ ఒకటి నుంచి ఐదు వరకు స్టార్లు ఇస్తారు. కొత్తవాళ్ళు రెండింటిలోనూ ఒకటి, ఒకటిన్నర దాటకూడదు. ఆ ముక్క ముందే చదివి ఉండాల్సింది.

రెండోసారి గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మను కూడా తీసుకెళ్ళాం. డగ్లస్ ఫర్ చెట్ల కిందికి వెళ్ళేసరికి ఫోనులో బాణం గుర్తు పిచ్చిపట్టినట్టు తిరిగింది. గుబురు చెట్ల కింద అంతే. ముప్పై అడుగుల దూరంలోకి వచ్చాక ఫోను జేబులో పెట్టుకోవడమే మేలు. మేము బ్లాక్‌బెర్రీ ముళ్ళలో చేతులు గీరుకుంటుంటే అమ్మ దారి పక్కనే నిలబడి, "ఒరేయ్, రాలిన పుల్లలు ఇలా ఒకదాని పక్కన ఒకటి పడుకుంటాయా? ఎవరో పేర్చారు" అంది. కట్టెల పొయ్యి మీద వండిన కళ్ళు కదా! పుల్లలు తీస్తే మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా!

లోపల గోళీలు, తాళంచెవుల గొలుసు, ప్లాస్టిక్ డైనోసార్. ఏదైనా తీసుకుంటే అంత విలువైనదో, ఇంకా మంచిదో పెట్టాలి. తినేవి పెట్టకూడదు. చిన్నవాడు డైనోసార్‌ను వదలలేదు. బదులుగా అమ్మ తన పర్సులోని పది రూపాయల నాణెం పెట్టింది. చిట్టాలో తెలుగులో సంతకం చేసి, "నానమ్మ" అని పక్కన రాసింది.

వారం తర్వాత ఆ మైక్రో డబ్బాను దాచినావిడ నుంచి సందేశం వచ్చింది. అది ఎప్పుడో పోయిందట. చిన్నవాడికి ఇంకా చెప్పలేదు. అటుగా వెళ్ళినప్పుడల్లా వాడు ఆ బెంచీ కింద తడిమి చూస్తూనే ఉన్నాడు.