కోంక్‌కి కాలినడకన

దక్షిణ ఫ్రాన్స్‌లోని అవేరోన్ జిల్లాలో కోంక్ ఉంది. లె ప్యూయి పట్టణం నుంచి స్పెయిన్‌లోని సాంటియాగో పుణ్యక్షేత్రం వైపు సాగే జీఆర్ 65 కాలిబాటలో సుమారు 200 కిలోమీటర్లు నడిస్తే వస్తుంది. నేను గొలీన్యాక్ వైపు నుంచి వచ్చాను. అక్కడి నుంచి ఒక పూట గట్టి నడక. చెట్ల మీద, రాళ్ళ మీద తెలుపు-ఎరుపు గీతలు దారి చూపిస్తాయి. ఆ రెండు రంగులూ అడ్డంగా ఇంటూ మార్కులా కనిపిస్తే దారి తప్పినట్టే, వెనక్కి తిరగాలి. నీళ్ళు అయిపోతే ఊరి శ్మశానం గేటు దగ్గర కుళాయి వెతకండి. చాలా ఊళ్ళలో ఉంటుంది. ‘నాన్ పొటాబ్ల్’ అని రాసి ఉంటే మాత్రం తాగకండి.

ఆఖరి దిగుడు నిటారుగా ఉంటుంది. షిస్ట్ రాయి తడిస్తే జారుతుంది, చేతికర్ర లేకపోతే మోకాళ్ళు ఊరుకోవు. ఊళ్ళో ఇళ్ళ పైకప్పులూ ఆ రాతి పలకలే, అందుకే దూరం నుంచి ఊరు కొండలో కలిసిపోయి ఉంటుంది.

వేళలు తెలియకపోతే ఇక్కడ పస్తే. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా దుకాణాలు, ఆఫీసులు చాలావరకు మూస్తారు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం ఇంకా కష్టం. బస్సులు అరుదు. రోడెజ్ పట్టణం నుంచి టాక్సీ కావాలంటే ముందురోజే మాట్లాడుకోవాలి. యాత్రికుల బసలను ‘జీత్’ అంటారు. వేసవిలో ముందే చెప్పకపోతే మంచం దొరకదు.

సెంట్ ఫ్వా చర్చి ముఖద్వారం పడమటి వైపు ఉంది. మీద చెక్కిన అంతిమ తీర్పు శిల్పంలో 124 బొమ్మలు. సాయంత్రపు ఎండలోనే చూడాలి, పొద్దున నీడలో ఉంటుంది. లోపలి కిటికీ అద్దాలు చిత్రకారుడు పియేర్ సూలాజ్ చేసినవి, 1994లో పూర్తయ్యాయి. వాటికి రంగుల్లేవు, బయటి వెలుతురుతో పాటు మారుతుంటాయి. చర్చికి పేరిచ్చిన సెంట్ ఫ్వా అనే సెయింట్ ఎముకలను 9వ శతాబ్దంలో అజాన్ పట్టణం నుంచి ఒక సన్యాసి దొంగిలించి తెచ్చాడట. ఊరి పేరు నిలబెట్టింది ఆ దొంగతనమే అనుకోవచ్చు! ఫ్రెంచి విప్లవకాలంలో చర్చి నిధిని ఊరివాళ్ళే ఇళ్ళల్లో దాచి కాపాడారు.

ఊరి అసలు స్వభావం తెలియాలంటే మెరీ, అంటే పంచాయతీ ఆఫీసు, వైపు చూడాలి. మన సర్పంచ్‌ని జనం నేరుగా ఎన్నుకుంటారు. ఇక్కడ జనం కౌన్సిల్‌ని ఎన్నుకుంటే, కౌన్సిల్ మేయర్‌ని ఎన్నుకుంటుంది. పదవి 6 ఏళ్ళు. పుట్టుక, చావు నమోదు, పెళ్ళి, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి, అన్నీ అక్కడే. చర్చిలో పెళ్ళి చేసుకునేవాళ్ళు కూడా ముందు మేయర్ ఎదుట చేసుకోవాల్సిందే. 1905 చట్టం తర్వాత అప్పటికే ఉన్న ఊరి చర్చిలు కూడా మామూలుగా కమ్యూన్, అంటే ఊరి పంచాయతీ, ఆస్తే, కాబట్టి పైకప్పు కారితే ఖర్చు పంచాయతీదే. చిన్న కమ్యూన్‌కి అది మోయలేని బరువు. 2016 జనవరి 1న కోంక్ పక్కనున్న గ్రాన్-వాబ్ర్, నొవాయాక్, సాన్-సిప్రియాన్-స్యుర్-దుర్దులతో కలిసి కోంక్-ఆన్-రువెర్గ్ అయింది. ఇలాంటి విలీనాల్లో ఖర్చు, ఉద్యోగులు పంచుకోవచ్చు, కానీ పాత ఊరి పేరు మీద మమకారం చట్టంతో పోదు.

రాత్రి ప్రార్థన అయ్యాక ఒక సన్యాసి యాత్రికులకు ద్వారశిల్పం వివరిస్తారు. భాష రాకపోయినా వెళ్ళండి, తర్వాత ఆర్గన్ కచేరీ వినొచ్చు.

బయల్దేరేటప్పుడు షార్లెమాన్ వీధిగుండా దిగి, దుర్దు నది మీది పాత వంతెన దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. సెంట్ ఫ్వా చిన్న గుడి దాకా ఊపిరాడదు. మధ్యాహ్నానికి రొట్టె, జున్ను ముందురోజు సాయంత్రమే కొనిపెట్టుకోండి. పెద్ద దుకాణాలు మళ్ళీ దకాజ్‌విల్ పట్టణంలోనే, అది దాదాపు ఒక రోజు నడక.