విమానం వైరింగ్: బియ్యం మూట కట్టి నేర్చుకున్న పని

నిన్న సాయంత్రం పూతలపట్టు దగ్గర మా షెడ్డులో, నేను సొంతంగా కడుతున్న చిన్న విమానం ఇంజిన్ 20 నిమిషాలు ఆడింది. 80 గుర్రాల రోటాక్స్ 912. రెండు నిమిషాలు 2000 ఆర్‌పీఎం, తర్వాత ఆయిల్ 50 డిగ్రీలకు వచ్చేదాకా 2500. ఒక్క గేజీ ముల్లు అదరలేదు. ఆ చప్పుడు చెవుల్లో ఉండగానే రాస్తున్నా.

రెక్కలు, తోక బిగించడంలో ఇబ్బంది రాలేదు. ఏఎన్ అనే రకం విమానం స్టీలు బోల్టు తల మీద ఎక్స్ లాంటి గీటు ఉంటుంది, అది లేనిది ఎంత మెరిసినా వద్దు. అందులో ఏఎన్3 సైజుకు 20 నుంచి 25 ఇంచ్-పౌండ్ల టార్కు, అంటే తిప్పి బిగించే బలం. తిరిగే జాయింటుకు నైలాన్ నట్టు పనికిరాదు, గాడి నట్టూ స్ప్లిట్ పిన్నూ వెయ్యాలి.

తల కొట్టేసినట్టయింది వైరింగ్ దగ్గర. చిత్తూరులో 27 ఏళ్లుగా లారీలకు వైరింగ్ చేస్తున్నా. నేను చేసిన బండి రాత్రిపూట మొగిలి ఘాట్‌లో లైట్లు ఆరి నిలబడిందని ఈనాటికీ ఎవరూ అనలేదు. ఆ ధీమాతోనే రెండు వారాల్లో 140 లగ్గులు, అంటే వైరు కొసకు తొడిగే లోహపు ముక్కలు, మామూలు ప్లయరుతో నొక్కేశాను. గట్టిగా ఉంటుందని కొన్నిటికి సోల్డర్ కూడా పెట్టాను.

ఎయిర్‌ఫోర్స్‌లో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైన పెద్దాయన ఒకరు చూడ్డానికి వచ్చారు. ప్యానెల్ వెనక చెయ్యి పెట్టి, రెండు వేళ్లతో ఒక వైరు పట్టి లాగారు. లగ్గు అక్కడే ఉంది, వైరు ఆయన చేతిలోకి వచ్చేసింది. మా అల్లుడూ, నా దగ్గర పని నేర్చుకునే పిల్లోళ్లు నలుగురూ చూస్తుండగా.

"ఏమప్పా, గాల్లో ఇట్ల ఊడితే పక్కన ఆపి టేపు చుడతావా?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. సోల్డర్ పెట్టిన వైరొకటి తీసుకుని అటూ ఇటూ వంచారు. పది పన్నెండు సార్లకే, సోల్డర్ ఆగిన చోట పుటుక్కున తెగింది. సోల్డర్ పోగుల సందుల్లోకి పాకి వైరును కమ్మీలా బిగదీస్తుంది. ఆ కమ్మీ ముగిసే చోట అదురుకు తెగుతుంది. లారీలో తెగితే మళ్లీ కలిపేవాణ్ణి గానీ, ఎందుకు తెగిందని ఏనాడూ చూడలేదు.

"సార్, వైరు మాత్రం విమానందే" అన్నాను. పైతోలు ఒలిచి పోగులు లెక్కపెట్టమన్నారు. విమానాలకు వాడే, వేడికి ఆగే పైతోలున్న టెఫ్జెల్ వైరు 20 గేజ్ మందంలో అయితే తగరం పూతతో తెల్లగా 19 పోగులుండాలి. నా దాంట్లో ఎర్రగా ఏడే. చెన్నైలో ఒక అంగడివాడు మూడింతల ధరకు అంటగట్టిన సరుకది. కొస అంటిస్తే నల్లటి పొగ, గొంతు పట్టేసే ఘాటు. పీవీసీ! మూసిన కాక్‌పిట్‌లో ఆ పొగ ప్రాణం తీస్తుంది. ఆ పక్క సీట్లో కూర్చోబోయేది నా మనవడు. తెలిసీ అమ్మినవాణ్ణి నేను క్షమించను. టెఫ్జెల్ వైరు పొడవునా 22759/16 అని అచ్చేసి ఉంటుంది. అది మీ కళ్లతో చూడకుండా రూపాయి ఇవ్వొద్దు.

మొత్తం పీకేశాను. లగ్గును వైరుకు నొక్కే రాట్చెట్ క్రింపరు కొన్నాను, అది పూర్తిగా నొక్కితే గానీ వదలదు. రాగినీ పైతోలునీ వేర్వేరుగా పట్టే లగ్గులు తెప్పించాను. 20 గేజ్ జాయింటు 19 పౌండ్ల లాగుడుకు ఆగాలి, అంటే ఎనిమిదిన్నర కిలోల పైచిలుకు. నమూనా జాయింటు ఒకటి చేసి, లగ్గును దూలం మేకుకు తగిలించి, వైరుకు పది కిలోల బియ్యం మూట కట్టాను. తొలిరోజు చేసిన ఆరు నమూనాల్లో రెండు జారాయి. చూస్తే క్రింపరులో లగ్గును నొక్కే అచ్చు, అదే డై, సైజు తప్పు. అది మార్చాక ఒక్కటీ జారలేదు. అయినా రోజూ మూడు నమూనాలు మూటను మోశాకే విమానం మీద చెయ్యి వేశాను.

లారీ పనివాళ్లు బాడీ రేకునే ఎర్తుగా వాడే అలవాటు వదులుకోవాలి. వారం కిందట తొలిసారి తిప్పినప్పుడు ఇంజిన్ వేగంతో పాటు హెడ్‌సెట్‌లో ఈల పెరిగింది. హెడ్‌సెట్ గుచ్చే జాక్‌లు రేకుకు తగలకుండా ఫైబర్ వాషర్లు వేసి, వాటి ఎర్తు విడిగా తెచ్చి ఒకే చోట కలిపితే పోయింది. ఇంకోటి, ఫ్యూజు ఉండేది వైరును కాపాడ్డానికి. వైరు సైజు చూసి వెయ్యండి.

గాల్లోకి లేవాలంటే దేశంలో విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ అనుమతి రావాలి, ఆ కాగితాలు నడుస్తున్నాయి. నిన్న ఇంజిన్ ఆపాక పెద్దాయన మళ్లీ ప్యానెల్ వెనక చెయ్యి పెట్టారు. ఒక్కో వైరూ లాగుతూ నలభై దాకా చూశారు. ఏదీ ఊడలేదు. చెయ్యి బయటికి తీసి, "టీ తెప్పించప్పా" అన్నారు.