సొరంగాల భయానికి ఇంటి నుంచే వీఆర్ చికిత్స

ఒడిశాలోని మా జయపురం నుంచి విశాఖ వెళ్లే కిరండూల్ రైలు అరకు దారిలో సొరంగం తర్వాత సొరంగం దూరుతుంది. వెలుతురు పోగానే గుండెదడ, చేతుల తిమ్మిర్లు, ఇక ఊపిరాడదన్న భయం. ఈసీజీ, థైరాయిడ్ బాగానే ఉన్నాయి. పానిక్ డిజార్డర్ అని సైకియాట్రిస్ట్ తేల్చారు. సైకాలజిస్ట్ మేడం ఉండేది విశాఖలో. ఆవిడ దగ్గరికెళ్లాలన్నా ఆ రైలే. అందుకే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, అంటే కళ్లకు పెట్టుకుంటే ఆ చోటే ఉన్నట్టు చుట్టూ దృశ్యం చూపే పరికరం పెట్టుకుని, అందులో సొరంగాన్ని చూస్తూ భయాన్ని ఎదుర్కొనే చికిత్స ఇంటి నుంచే మొదలైంది. ఎత్తులంటే భయానికి వీఆర్ చికిత్స ఫలితాలను అమెరికాలో బార్బరా రాత్‌బామ్ బృందం 1995లోనే ప్రచురించింది.

నేను వాడిన హెడ్‌సెట్ క్వెస్ట్ 2 అర కిలో ఉంటుంది, ఛార్జింగ్ రెండు మూడు గంటలొస్తుంది. లెన్సుల ఎడానికి 58, 63, 68 మిల్లీమీటర్ల మూడు మెట్లున్నాయి. కంటిపాపల మధ్య దూరం కళ్లజోళ్ల షాపులో కొలిపించుకుని దగ్గరి మెట్టు పెట్టుకోవాలి. కుదరకపోతే బొమ్మ మసక, తలనొప్పి. సొరంగం వీడియో ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోవాలి. నెట్ తడబడి బొమ్మ ఆగితే, భయం పైకెక్కిన చోటే సెషన్ తెగిపోతుంది. మేడం గొంతు మామూలు ఫోన్ కాల్‌లో వినడమే మేలు. పక్కన ఇంట్లో మనిషి ఒకరుండాలి. మూర్ఛ వ్యాధి (ఫిట్స్) ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా హెడ్‌సెట్ ముట్టుకోకూడదు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది వికారం దగ్గర. కళ్లకు కదలిక కనిపిస్తుంది, చెవిలోని సమతౌల్య భాగానికి తెలియదు. ఆ తేడాకే తల తిరిగి చెమట పడుతుంది. పానిక్ కూడా అలాగే ఉంటుంది కాబట్టి రెండూ కలిసిపోతాయి. అందుకే మొదట సొరంగంలో నిలిచి ఉన్న రైలు, తర్వాతే నడిచేది. కడుపులో తిప్పితే హెడ్‌సెట్ తీసేయొచ్చు. భయానికి మాత్రం తీయకూడదు: తీస్తే ‘తప్పించుకున్నా కాబట్టే బతికా’ అని మెదడు నేర్చుకుంటుంది.

‘ఊపిరాడదు’ అన్న అంచనాను ముందే కాగితం మీద రాసుకోవాలి. లోపలున్నంతసేపూ భయానికి 0 నుంచి 100 లోపు అంకె చెబుతుండాలి. అయ్యాక నిజంగా ఏం జరిగిందో అంచనా పక్కనే రాయాలి. అంకె తగ్గకపోయినా ఫర్వాలేదు, అంచనా తప్పిందా లేదా అన్నదే అసలు సంగతి. జేబులో ఆల్ప్రాజొలం (ఆందోళన తగ్గించే మాత్ర) ఉంచుకుంటే గెలుపు ఆ మాత్ర ఖాతాలో పడుతుంది. అలాగని వేసుకుంటున్న మందు సొంతంగా ఆపకూడదు, డాక్టరే తగ్గించాలి.

నాకు నయమైంది హెడ్‌సెట్ ఒక్కదానితోనే కాదు. కొరాపుట్ నుంచి అరకు వరకు నిజం రైల్లో, తలుపు దగ్గర కాకుండా మధ్య సీట్లో కూర్చుని, అదే కాగితం, అవే అంకెలు. ఇప్పుడు విశాఖ దాకా ఒక్కదాన్నే వెళ్తున్నా. దడ వచ్చినా సీటు వదలను. ఈ సౌకర్యం అందనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.