పాపకు జ్వరం, రెండో రోజు

తెల్లవారుజామున ఐదు గంటలకు పాప ఒళ్లు కాలుతోంది. థర్మామీటరు పెట్టి చూస్తే 101.4 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంది. నిన్న సాయంత్రం ముక్కు కారడంతో మొదలై, రాత్రికి దగ్గు తోడైంది. నాలుగేళ్ల పిల్లలకు ఏడాదిలో ఆరేడు సార్లు జలుబు చేయడం మామూలేనని తెలిసినా, ఆ అంకె చూడగానే గుండె దడదడలాడింది. మందు సీసా కోసం లేచేలోగా పాప కళ్లు తెరిచి నీళ్లు అడిగి, అర గ్లాసు తాగి, బొమ్మను దగ్గరకు లాక్కుని మళ్లీ పడుకుంది. నేను సీసా తీయలేదు. నోటు పుస్తకంలో సమయమూ ఉష్ణోగ్రతా, తాగిన నీళ్లూ రాసుకున్నాను.

ఈ నోటు పుస్తకం పెట్టడానికి నేను చేసిన ఒక తప్పే కారణం. రెండేళ్ల క్రితం, పిల్లలను సహజ పద్ధతుల్లో పెంచాలన్న కోరికతో దొరికినదల్లా చదువుతున్న రోజుల్లో, జ్వరం శత్రువు కాదనీ, వైరస్‌ను ఎదుర్కోవడానికి మెదడులోని హైపోథాలమస్ ఒంటి వేడిని కావాలనే పెంచుతుందనీ తెలుసుకుని, ఆ సంగతిని నియమంగా పట్టుకున్నాను. అప్పుడు పాపకు వచ్చిన జ్వరానికి ఒక పగలూ ఒక రాత్రీ మందు వేయలేదు. చదివినది నిజమే. కానీ గొంతు నొప్పితో పాప నీళ్లు తాగడం మానేసిన సంగతి నా కంట పడలేదు. మరునాటి ఉదయానికి పెదవులు ఎండిపోయాయి, ఏడిస్తే కన్నీళ్లు రాలేదు, రాత్రి వేసిన డైపరు తడవనే లేదు. వైద్యురాలు నన్ను కోప్పడలేదు. జ్వరం మందు ఉన్నది అంకెను దించడానికి కాదనీ, బిడ్డకు బాధ తగ్గి నాలుగు గుక్కలు తాగి నిద్రపోవడానికనీ మాత్రం చెప్పి, ఓఆర్‌ఎస్ చెంచా చెంచాగా పట్టించమన్నారు. ఆ రోజు నాలో నేను పడిన సిగ్గు ఇప్పటికీ పోలేదు, పోవాలనీ లేదు.

పది గంటలకు జ్వరం 102.2కు చేరింది. పాప చిరాకుపడి గ్లాసును తోసేసింది. అప్పుడు పారాసిటమాల్ వేశాను. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు చొప్పున లెక్క కట్టి, ఒక్కో సీసాలో మందు గాఢత ఒక్కోలా ఉంటుంది కాబట్టి చీటీ మరోసారి చదివి, వంటింటి చెంచాతో కాకుండా కొలత సిరంజితో పోశాను. నాలుగు గంటలైనా గడవకుండా మళ్లీ వేయకూడదని పక్కనే రాసుకున్నాను. చల్లటి నీళ్లతో ఒళ్లు తుడవలేదు, దానితో వణుకు పుట్టి పిల్లలు మరింత అవస్థ పడతారు. ముప్పావు గంట తర్వాత పాప లేచి కూర్చుని తనే గ్లాసు అందుకుంది.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. పాప దగ్గుకు పడుకోబోయే ముందు చెంచాడు తేనె ఇవ్వమంది. అది మంచి సలహా, రాత్రి ఇచ్చాను కూడా. ఎనిమిది నెలల చిన్నవాడికీ ముక్కు కారుతోందని చెప్పేసరికి, "వాడికీ ఒక చుక్క నాకించవే, సహజమైనదేగా" అంది. "వాడికింకా ఏడాది నిండలేదమ్మా" అని, తేనెలో బోటులిజం అనే, కండరాలు చచ్చుబడిపోయే జబ్బును కలిగించే బాక్టీరియా బీజాలు ఉండవచ్చనీ, ఏడాదిలోపు పసివాళ్ల పేగులో అవి మొలకెత్తి విషం పుట్టించగలవనీ చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "మాకెవరూ ఈ మాట చెప్పలేదే" అంది చివరికి. ఆ గొంతులో నొచ్చుకోవడం కన్నా భయమే ఎక్కువ వినిపించింది. ఒకే సీసాలోని ఒకే తేనె అక్కకు మందూ, తమ్ముడికి ప్రమాదమూ అయినప్పుడు, సహజమన్న ఒక్క మాట చూసుకుని నిర్ణయించడానికి నాకు ధైర్యం చాలదు.

అయినా సహజమైన వాటి మీద నాకున్న నమ్మకం ఏమీ తగ్గలేదు. చిన్నవాడు 34 వారాలకే, రెండు కిలోలకు తక్కువ బరువుతో పుట్టాడు. నర్సు వాడిని నా గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకుండా అలాగే ఉంచుకోమంది. ఈ కంగారూ సంరక్షణ 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో మొదలైంది. తల్లి ఒంటి వేడికి మించిన ఏర్పాటు లేక కాదు గానీ, అది ఎంత బలమైన వైద్యమో లోకం గుర్తించడానికి ఒక కొరత అవసరమైంది. ఈ మధ్యాహ్నం కూడా వాడు ముక్కు దిబ్బడ వల్ల నా గుండెల మీదే నిటారుగా పడుకుని, మామూలు కన్నా ఎక్కువ సార్లు, కొంచెం కొంచెంగా పాలు తాగాడు. వచ్చే నెలలో వాడికి తట్టు టీకా వేయించాలి. ఆ తేదీ మాత్రం నేను వాయిదా వేయను.

సాయంత్రం ఆయన ఇంటికి రాగానే యాంటీబయాటిక్ ఏమైనా అడుగుదామా అన్నారు. జలుబు తెచ్చేది వైరస్, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదని ఆయనకూ తెలుసు. ఆ మాట ఆత్రంలో వచ్చినదే. అందుకని ఇద్దరం కూర్చుని, ఏది కనిపిస్తే ఇక ఆగకుండా బయలుదేరాలో పుస్తకంలో రాసుకున్నాం. మూడు రోజులు దాటినా జ్వరం పోకపోయినా, తాగడం మానేసినా, ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, లేపితే లేవనంత మగత ఉన్నా, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నా వెళ్లాలి. ఊపిరి లెక్కను నేను అన్నిటికన్నా నమ్ముతాను. బిడ్డ నిద్రలో ఉండగా చొక్కా పైకెత్తి, పొట్ట లేచి పడడాన్ని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పాప వయసుకు 40, చిన్నవాడి వయసుకు 50 చేరితే అది వేగమే. దీనికి గడియారం తప్ప పరికరం అక్కర్లేదు, కానీ ఆ ఒక్క నిమిషం వేరే ఆలోచన లేకుండా బిడ్డనే చూడాలి.

రాత్రి తొమ్మిదిన్నరకు పాప ఉష్ణోగ్రత 100.2, ఊపిరి 28. చిన్నవాడి ఊపిరి 36. పాప తాగిన నీళ్లు ఉదయం నుంచి ఐదు గ్లాసులు. రెండు గంటలకు తాను లేచి చూస్తానని ఆయన అన్నారు. పుస్తకమూ గడియారమూ ఆయన తలగడ పక్కన పెట్టాను.