టైమింగ్ మార్కు ఎప్పుడూ అర పన్ను తేడాలోనే ఆగుతోందా?

పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్‌నీ, వాల్వ్‌లు తెరిచే క్యామ్ షాఫ్ట్‌నీ కలిపేది పళ్లున్న టైమింగ్ బెల్ట్, ఆ రెండూ సరిగ్గా కుదిరాయో లేదో చూపేవి టైమింగ్ మార్కులు. బెల్ట్ ఒక పన్ను ముందుకు వేస్తే క్యామ్ మార్కు అర పన్ను ముందుంటుంది, వెనక్కి వేస్తే అర పన్ను వెనక ఉంటుంది, మధ్యలో కుదిరే చోటే దొరకదు. మా కారు ఇంజన్‌తో నేను పడ్డ అవస్థ ఇదే. ఐడ్లింగ్‌లో వణుకు, పికప్ లేదు, స్కానర్ పెడితే పి0016 కోడ్, అంటే క్రాంక్ సెన్సర్ లెక్కకీ క్యామ్ సెన్సర్ లెక్కకీ పొంతన కుదరడం లేదని.

ఇలాంటప్పుడు బెల్ట్ విప్పడం, మళ్లీ ఎక్కించడం, ఇదే పనిగా పెట్టుకుంటారు చాలామంది. దయచేసి కాసేపు ఆగండి. బెల్ట్ జారితే పూర్తిగా ఒక పన్ను జారుతుంది, అర పన్ను జారదు. క్రాంక్ స్ప్రాకెట్‌కి (బెల్ట్ ఎక్కే పళ్ల చక్రానికి) 20 పళ్లు, క్యామ్ స్ప్రాకెట్‌కి 40 పళ్లు ఉన్నాయనుకుందాం, అప్పుడు ఒక్క పన్ను అంటే క్రాంక్ దగ్గర 18 డిగ్రీలు, క్యామ్ దగ్గర 9. మీకు కనిపిస్తున్న తేడా అందులో సగమే అయితే బెల్ట్ ఎన్నిసార్లు మార్చి వేసినా ఆ సగం పోదు.

ముందు ఒకటి తేల్చుకోవాలి. బెల్ట్‌లో వదులంతా టెన్షనర్ (బెల్ట్‌ని బిగించి ఉంచే చిన్న చక్రం) వైపే ఉండాలి, క్రాంక్ లాగే వైపు బిగుతుగా ఉండాలి. లాగే వైపు కాస్త వదులు మిగిలినా టెన్షనర్ వదలగానే మార్కు కదిలిపోతుంది. అందుకే టెన్షనర్ వదిలాక ఇంజన్ తిరిగే దిక్కులోనే క్రాంక్‌ని పానాతో రెండు పూర్తి చుట్లు తిప్పి (క్యామ్‌కి అది ఒక చుట్టు) అప్పుడు చూడాలి. ఎక్కడైనా గట్టిగా అడ్డం పడితే బలం పెట్టొద్దు, వాల్వ్ పిస్టన్‌కి తగులుతుండొచ్చు. అన్నట్టు, కొత్త బెల్ట్ మీద అచ్చేసిన గీతలు రెండు చుట్ల తర్వాత మార్కుల మీదకి తిరిగి రావు, దానికి కంగారు పడనక్కర్లేదు, అవి ఎక్కించేటప్పుడు మాత్రమే పనికొస్తాయి.

ఇంత చేశాక కూడా అర పన్ను తేడా ఉందంటే మార్కులనే అనుమానించాలి. క్రాంక్ పుల్లీ మీది మార్కుని అసలు నమ్మొద్దు, ఎందుకంటే చాలా పుల్లీల్లో లోపలి భాగానికీ బయటి రింగుకీ మధ్య రబ్బరు ఉంటుంది, అది వదిలితే రింగుతో పాటు మార్కు కూడా జరిగిపోతుంది. స్ప్రాకెట్ మీది మార్కే చూడాలి. దాన్ని కూడా ఒకసారి పిస్టన్‌తో సరిచూడటం నా దృష్టిలో తప్పనిసరి. మొదటి సిలిండర్ స్పార్క్ ప్లగ్ తీసి డయల్ గేజ్ (చిన్న కదలికల్ని కూడా కొలిచే మీటర్) పెట్టండి. పిస్టన్ పైకొచ్చాక క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరిగినా అది కదిలినట్టే ఉండదు, కాబట్టి కంటితో అంచనా వేయకుండా, పిస్టన్ పైకి రావడానికి 1 మి.మీ. ముందు ఒక గీత, దాటి 1 మి.మీ. దిగాక ఇంకో గీత పెట్టుకుంటే వాటి సరిగ్గా మధ్యనే అసలైన టీడీసీ (పిస్టన్ అన్నిటికంటే పైన ఉండే స్థానం) ఉంటుంది.

మా ఇంజన్‌లో దొంగ అక్కడే దొరికింది. పిస్టన్ టీడీసీలో ఉంటే స్ప్రాకెట్ మార్కు దానికి వెనకబడి ఉంది. పుల్లీ తీసి స్ప్రాకెట్‌ని చేత్తో పట్టుకుని ఆడిస్తే క్రాంక్ మీద అటూ ఇటూ కదులుతోంది. లోపలి కీ (స్ప్రాకెట్‌ని క్రాంక్ మీద జారకుండా పట్టే చిన్న లోహపు ముక్క) అరిగిపోయింది, అది కూర్చునే స్ప్రాకెట్ గాడి వెడల్పయింది. క్రాంక్ బోల్ట్ సరిగ్గా బిగించకపోతే వచ్చే జబ్బు ఇది. 1990-91 నాటి మజ్దా మియాటాల్లో క్రాంక్ ముక్కు (ముందు కొస) పొట్టిగా ఉండటం వల్ల ఇలాగే గాడి దెబ్బతినేదని ఆ కార్లు నడిపేవాళ్లకి బాగా తెలుసు.

అదృష్టం ఏంటంటే మా క్రాంక్‌లోని గాడి బాగానే ఉంది, అదీ పాడై ఉంటే కొత్త కీ ఒక్కటే వేసి లాభం లేదు. కొత్త స్ప్రాకెట్, కొత్త కీ వేశాం, రెండు చుట్లు తిప్పితే మార్కులన్నీ గీత మీదకి వచ్చాయి, ఐడ్లింగ్ కుదురుకుంది, కోడ్ మళ్లీ రాలేదు. క్రాంక్ బోల్ట్‌ని మాత్రం అందాజాగా బిగించకండి, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి, టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని రాసి ఉంటే ఆ బోల్ట్ కొత్తదే వేయండి.