సంబరంలో పాట ఎక్కడ చెడుతుంది

అమ్మవారి సంబరం అయిన మర్నాడు, ఒడిశా సరిహద్దు ఊళ్లయిన పర్లాకిమిడిలోనైనా, కాశీనగరంలోనైనా, గుణుపురంలోనైనా టీకొట్టు దగ్గర వినపడే తీర్పు దాదాపు ఒకటే: "ఆ పాడిన పిల్లకి గొంతు లేదర్రా, చందా డబ్బులు దండగ." నిజానికి ఆ పిల్ల గొంతు బాగానే ఉండి ఉంటుంది. అంతకుముందు పాటకి దించిన శ్రుతిని కీబోర్డు అతను తిరిగి ఎత్తడం మరిచిపోయి ఉంటాడు. ఆ సంగతి స్టేజీ మీద నలుగురికి తెలుసు, కింద ఎవరికీ తెలియదు. స్టేజీ ప్రోగ్రాముల్లో చెడేవాటిలో ఎక్కువ భాగం ఇలాంటివే.

ముందు శ్రుతి సంగతి. శ్రుతి అంటే పాటకి ఆధారమైన స్థాయి; కీబోర్డు మీద ఒకటి శ్రుతికీ రెండు శ్రుతికీ మధ్య ఒక నల్ల మెట్టు ఉంటుంది, అంటే దూరం రెండు మెట్లు. సినిమా పాట రికార్డులో రెండు శ్రుతిలో ఉందనుకుందాం. మన ఊరి గాయకుడికి పై స్థాయి అందదు, ఒకటి శ్రుతిలో హాయిగా పాడతాడు. కీబోర్డులో శ్రుతి మార్చే మీటని (ట్రాన్స్‌పోజ్) మైనస్ 2కి పెడతారు, పాట గట్టెక్కుతుంది. తర్వాత అమ్మాయి పాట అసలు శ్రుతిలోనే పాడాలి. మీట సున్నాకి రాలేదంటే ఆమె రెండు మెట్లు కిందికి పాడాలి, మంద్ర స్వరాలు గాలిగా పోతాయి, జనానికి గొంతు లేనట్టు వినిపిస్తుంది. ఈలోగా ఫ్లూటు అతను అసలు శ్రుతి వేణువు పట్టుకుని ఊదేస్తాడు. ఆ రెండూ కలిసి వినడం కంటే వర్షంలో తడవడం నయం.

దీనికి మందు చిన్నదే. పాట నంబరు, పాడేవారి పేరు, అసలు శ్రుతి, స్టేజీ మీద పాడే శ్రుతి పెద్దక్షరాలతో ఒక కాగితం మీద రాసి కీబోర్డు మీద అంటించాలి. అదే కాగితం నకలు ఫ్లూటుకి, తబలాకి ఇవ్వాలి. "మైనస్ 2" అని రాస్తే చాలదు, "ఒకటి శ్రుతి" అని రాయాలి, ఎందుకంటే వేణువు దగ్గర మీట ఉండదు, వేణువునే మార్చాలి. పాట అవ్వగానే చప్పట్లు కొడుతున్నప్పుడే సున్నాకి తేవడం అలవాటైపోవాలి. పాటల వరస కట్టేటప్పుడు దగ్గర శ్రుతులు పక్కపక్కన పెట్టుకోవాలి. కుడి తబలా సుత్తి దెబ్బలతో అర మెట్టు, మెట్టు వరకు మాట వింటుంది. అంతకు మించి లాగితే నాదం చస్తుంది, లేదా వాదులు సడలి చప్పబడుతుంది. ఒకటి శ్రుతి పాట వెనకే నాలుగు శ్రుతి పాట పెట్టినవాళ్లు రెండో తబలా తెచ్చుకోవాలి.

పైగా మన దగ్గర వాతావరణం ఒకటి. రాయగడలో, కొరాపుట్టు వైపు చలికాలం రాత్రి ఎనిమిది దాటితే మంచు దిగుతుంది. తేమకి చర్మం సాగి తబలా, మృదంగం, గుమ్మెట కిందికి జారతాయి. చలికి వేణువులో గాలి చల్లబడి దాని శ్రుతి కూడా దిగుతుంది. గిటారు తీగలు మాత్రం చలికి బిగిసి పైకెళ్తాయి. కీబోర్డు ఎటూ కదలదు. సాయంత్రం ఆరింటికి ముచ్చటగా కలిసినవి తొమ్మిదింటికి తలో దారిన పోతాయి. అందుకే శ్రుతి చూసుకోవడం సాయంత్రం ఒక్కసారితో సరిపోదు, ప్రతి నాలుగైదు పాటలకీ యాంకర్ మాటల వెనకాల మళ్లీ చూసుకోవాలి. చర్మవాద్యాలని వాడనప్పుడు మందపాటి గుడ్డలో చుట్టి, పక్కన వంద వాట్ల పాతకాలం బల్బు ఒకటి వెలిగించి ఉంచితే చాలా వరకు ఆగుతాయి. డప్పుల వాళ్లు గడ్డి మంట వేసుకుని కాచుకోవడం చూసి నవ్వే ఆర్కెస్ట్రా పిల్లలు అదే పని బల్బుతో చేసుకోవాలి మరి.

ఇక మైకుసెట్టు. మన ఊళ్లలో పెద్ద తప్పు ఎక్కడంటే, మిక్సర్ ముందు కూర్చునేవాడిని స్టేజీ పక్కన, స్పీకర్ బాక్సు వెనకాల కూర్చోబెడతారు. జనానికి ఏం వినపడుతోందో అతనికి వినపడదు. మిక్సర్ జనం మధ్యలో, స్టేజీకి ఎదురుగా, అరవై డెబ్బై అడుగుల దూరంలో ఉండాలి. వైరు ఖర్చు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి.

మైకు కుయ్యిమనే కూత ఎందుకొస్తుంది? బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి దూరి, పెరిగి, మళ్లీ బాక్సులోంచి వస్తుంది కాబట్టి. బాక్సులు మైకుల వరసకి ముందు, జనం వైపు మొహం పెట్టి ఉండాలి. వాడని మైకులు మూసెయ్యాలి. తెరిచిన మైకులు రెట్టింపైతే కూత రాకుండా శబ్దం పెంచుకోగల జాగా 3 డెసిబెళ్లు తగ్గుతుంది. ఆరుగురి ముందు ఆరు మైకులు తెరిచిపెట్టి ఒక్కరే పాడుతుంటే కుయ్యిమనక ఏం చేస్తుంది? సినిమావాళ్లని చూసి మైకు తలని గుప్పిట్లో మూసి పట్టుకోవడం ఇంకో జబ్బు. ఆ జాలీ వెనక సందుల వల్లే మైకు ముందు శబ్దాన్ని తీసుకుని వెనక శబ్దాన్ని వదిలేస్తుంది. అది మూస్తే అన్ని వైపులనుంచీ లాగుతుంది, మాట బొంగురుపోతుంది, కూత మొదలవుతుంది. పిడి పట్టుకోవాలి, నోటికి రెండు మూడు వేళ్ల దూరం, తారస్థాయికి వెళ్లేటప్పుడు జానెడు దూరం.

వీధి పొడవునా స్తంభాలకి హారన్లు కట్టే పద్ధతి వేరే కథ. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. స్టేజీ దగ్గర బాక్సు పాట, యాభై మీటర్ల అవతల హారన్ పాట ఒకేసారి బయల్దేరితే, హారన్ దగ్గర నిలబడ్డవాడికి స్టేజీ పాట 0.15 సెకను ఆలస్యంగా అందుతుంది. హుషారు పాటలో రెండు దరువుల మధ్య ఉండేది పావు సెకను. అంటే ప్రతి దరువూ రెండుగా వినిపిస్తుంది, తాళం చెదిరిపోయిందనిపిస్తుంది. దూరం హారన్లకి పాట అంతసేపు ఆగి వెళ్లేలా మిక్సర్‌లో డిలే పెట్టాలి, ఆ సదుపాయం లేకపోతే ప్రోగ్రాం మొదలవ్వగానే ఆ హారన్లు ఆపెయ్యాలి. భక్తి పాటలకి, ప్రకటనలకి వాడుకోవచ్చు.

కరెంటు దగ్గర అశ్రద్ధ చేస్తే పాట చెడటంతో ఆగదు, సామాన్లు కాలతాయి. లైట్లకి, సౌండుకి వేర్వేరు జనరేటర్లు ఉంటే మంచిది, లేకపోతే కనీసం వేర్వేరు ఫేజులు. ఒకే లైను మీద పెడితే లైట్లు మినుకుమన్నప్పుడల్లా బాక్సుల్లో జుమ్ము మంటుంది. అసలు భయపడాల్సింది కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరుకి. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ వదులైతే ఒక ఫేజు మీద 230 వోల్టులు కాస్తా నాలుగువందల దాకా ఎగబాకుతుంది, అటు ఉన్న ఆంప్లిఫయర్లు ఒక్క క్షణంలో బూడిద. ప్రతి ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య మీటరు పెట్టి 220 నుంచి 240 లోపల ఉందా, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటలేదా అన్నది చూశాకే ప్లగ్గులు పెట్టాలి. మిక్సర్‌కి, రెండు కీబోర్డులకి 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. అది లేకపోతే లైను జనరేటరుకి మారిన ఒక్క రెప్పపాటుకే కీబోర్డు ఆరిపోయి మళ్లీ లేస్తుంది, పాట మధ్యలో జనం ఈలలేస్తారు.

ఇన్ని తలనొప్పులెందుకని ఇప్పుడు చాలామంది ప్లస్ ట్రాక్, అంటే గొంతుతో సహా రికార్డయిన పాట, పెట్టి పెదాలు కదుపుతున్నారు. వాద్యాలు మాత్రమే ఉండే మైనస్ ట్రాక్ మీద పాడితే తప్పులేదు, చిన్న జట్టుకి అది ఆసరా. ప్లస్ ట్రాక్ మాత్రం ఎప్పుడో ఒకరోజు బయటపడుతుంది. 1989 జూలై 21న అమెరికాలోని కనెక్టికట్‌లో మిల్లీ వనిల్లీ అనే పాప్ జట్టు ప్రదర్శనలో టేపు ఇరుక్కుని ఒకే ముక్క మళ్లీ మళ్లీ వినిపించింది. తర్వాతి ఏడాది రికార్డులో పాడింది వాళ్లు కాదని తేలి, ఇచ్చిన గ్రామీ అవార్డు వెనక్కి తీసుకున్నారు. 2017 మే 10న నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో పాప్ గాయకుడు జస్టిన్ బీబర్ చాలా పాటలకి పెదాలే కదిపాడని వచ్చినవాళ్లు మండిపడ్డారు. టికెట్టు కొన్న జనం తప్పు స్వరాన్నైనా క్షమిస్తారు గానీ దీన్ని క్షమించరు. మన ఊళ్లో టికెట్టు లేదు కాబట్టి ఊరుకుంటున్నారు, అంతే.

సరిహద్దు ఊళ్లకి ఉన్న ప్రత్యేకమైన చిక్కు భాష. బరంపురంలో ముందు వరసల్లో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు కలిసే కూర్చుంటారు, వెనక కుర్రాళ్లకి హిందీ కావాలి. 2017 జూలైలో లండన్ వెంబ్లీలో ఏ.ఆర్. రహమాన్ కచేరీకి వచ్చిన హిందీ అభిమానులు కొందరు తమిళ పాటలు ఎక్కువయ్యాయని లేచిపోయి, డబ్బు వాపసు అడిగారు. అంతటివాడికే తప్పలేదు. ఇక్కడ పనికొచ్చే పద్ధతి ఏమిటంటే, ఏ భాషా వరసగా రెండు పాటలు దాటకుండా చూడటం, మొదటి అరగంటలోనే మూడు భాషలూ ఒకసారి వినిపించెయ్యడం. తన భాష పాట వస్తుందని నమ్మకం కుదిరినవాడు కూర్చుంటాడు. ఒడియా పాటకి ఒడియా నోరు తిరిగిన గాయకుణ్ణే పెట్టాలి. తెలుగు లిపిలో రాసుకుని చదివితే మొదటి చరణంలోనే నవ్వులు. చీటీల మీద కోరిన పాటలు పాడించాలని కమిటీ ముచ్చటపడితే, జట్టు సాధన చేసిన నలభై పాటల జాబితా ముందే గోడకి అంటించి అందులోంచే అడగమనాలి.

టైము. శబ్ద కాలుష్య నియమాలు 2000 సంవత్సరం నుంచి ఉన్నాయి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకు ఆరుబయట మైకు కుదరదు. రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులకి మించకుండా పండగలకి అర్ధరాత్రి వరకు సడలించవచ్చు, ఆ రోజుల్లో మన సంబరం ఉందో లేదో ముందే కనుక్కోవాలి. 2023 ఏప్రిల్ 30న పుణెలో రహమాన్ పాడుతుండగానే పది దాటిందని పోలీసులు స్టేజీ ఎక్కి ఆపించారు. మన దగ్గర ఏడింటికి మొదలుపెట్టాల్సింది తొమ్మిదికి మొదలవుతుంది. మధ్యలో దాతలకి శాలువాలు, నాయకుల మాటలు, దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె వెతుకులాట. మంచి పాటలన్నీ చివరికి దాచుకున్న జట్టు రెండున్నర పాటలు పాడి దిగిపోతుంది. శాలువాలన్నీ ఒకేచోట పదిహేను నిమిషాల్లో ముగించి, ఊరంతా ఎదురుచూసే పాటని ఎనిమిదిన్నరకే వదిలెయ్యాలి. మొదటి పాట మాత్రం మధ్యస్థాయిలో ఉన్నదై ఉండాలి, గొంతు వేడెక్కకుండా తారస్థాయి అడగకూడదు.

మరి గుర్తుండిపోయేవి ఏవి అంటే, ఈ ప్రాంతంలో ఎవరినడిగినా ఎక్కువసార్లు చెప్పేది ఆర్కెస్ట్రా పేరు కాదు. జముకులకథ, బుర్రకథ, హరికథ, లేదా గంజాం వాళ్ల ప్రహ్లాద నాటకం. ఇందులో పాతవాటి మీద మమకారం కొంత ఉంది, కాదనను. కానీ పనితనం పాలు ఎక్కువ. జముకు వాయించేవాడి చేతిలోనే దాని తీగ బిగువు ఉంటుంది, బిగిస్తే నాదం పైకి, వదిలితే కిందికి. మంచు పడినా, కథకుడి గొంతు అలిసినా అక్కడికక్కడే సర్దుకుంటాడు, ఎవరూ ఏ మీటా మరిచిపోరు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఉన్న ఇద్దరిలో ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. జనం సడలారని తెలియగానే హాస్యం అందుకుంటాడు. పాటల వరస ముందే కట్టేసుకున్న ఆర్కెస్ట్రాకి ఆ వెసులుబాటు లేదు. మైకులే లేని రోజుల్లో ఆదిభట్ల నారాయణదాసు గారు ఒక్కరే నిలబడి హరికథతో సభనంతా పట్టుకునేవారు. పద్యనాటకాల వాళ్లు ఇప్పటికీ హెచ్చు శ్రుతిలో పాడటం వెనక దూరానికి వినపడాలన్న ఆ పాత అవసరమే ఉంది. కాబట్టి వాళ్లకి మైకు నోటి దగ్గర పెట్టకండి, మూరెడు దూరంలో స్టాండుకి పెట్టండి.

ప్రహ్లాద నాటకం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. రచన జలంతరకోట రాజు రామకృష్ణ ఛోటరాయుడి పేరు మీద ఉంది. పాటలు ఒడియాలో, శ్లోకాలు సంస్కృతంలో, రాగాల్లో కర్ణాటక వాసన. మెట్లుమెట్లుగా కట్టిన చెక్క వేదిక మీద హిరణ్యకశిపుడు ఎగిరి దూకుతుంటాడు, పక్కన గాహకుడు పద్యం అందిస్తుంటాడు, ఆట రాత్రంతా సాగుతుంది. దీనికి మైకుసెట్టు పెట్టేవాళ్లు చేసే తప్పు, మైకు స్టాండ్లని ఆ చెక్కల మీదే నిలబెట్టడం. ఒక్కో దూకుడుకీ బాక్సుల్లో ఢబాలుమని వినపడుతుంది. స్టాండ్లు నేల మీద పెట్టాలి, కుదరకపోతే కింద రెండు మడతల గోనె వేసి, మిక్సర్‌లో వంద హెర్ట్‌జ్‌ల కింది భాగం కోసెయ్యాలి. బుర్రకథ గజ్జెల చిందులకీ ఇదే వైద్యం. బాస్ బాక్సుల్ని బోలు స్టేజీ కింద తోసెయ్యడం కూడా మానుకోవాలి, స్టేజీ మొత్తం ఢంకా అయిపోతుంది.

ఇవన్నీ అడ్వాన్సు ఇచ్చే రోజే కాగితం మీద ఉండాలి. ఎనిమిది మంది జట్టుకి ఇరవై నాలుగడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల లోతు స్టేజీ. జట్టు సాయంత్రం నాలుగుకి ఊళ్లో ఉండాలి, ఐదింటికి సౌండ్ చెక్, ఆరున్నర తర్వాత ఎవరూ మీటలు కదపకూడదు. ప్లస్ ట్రాక్ వాడితే ఎంత తగ్గిస్తారో అంకె వెయ్యాలి. చైత్రంలో సాయంత్రం గాలివాన మామూలే కాబట్టి, మిక్సర్ మీద టార్పాలిన్‌ని ఒకవైపు వాలుగా, బిగించి కట్టాలి, మధ్యలో నీరు నిలవకూడదు. వాన వల్ల మొదటి గంటలోపే ఆగిపోతే సగం డబ్బా, వేరే తేదీకి మళ్లీ రావడమా అన్నది తేల్చి, ఇరువైపులా సంతకాలు పెట్టించుకోవాలి.